పల్లెల్లో బీపీ, షుగర్‌పై నర్సింగ్ పరిశోధన: జ్ఞానం స్కోరు కొలవాలా, మాత్ర వేసుకున్న రోజులు లెక్కించాలా?

ప్రశ్న
ఎం.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ ప్రత్యేక విషయంగా ఎం.ఎస్సీ. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ చదువుకు రాకముందు మూడేళ్ళపాటు ఒక పల్లెటూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. ఇంకో రెండు నెలల్లో సినాప్సిస్ సమర్పించాలి. బీపీ, షుగర్ వంటి దీర్ఘకాలిక వ్యాధులతో పల్లెల్లో బతుకుతున్నవారి గురించే పరిశోధన చేయాలని నిశ్చయించుకున్నాను గానీ, అందులో దేన్ని కొలవాలన్న దగ్గర ఆగిపోయాను.

మా గ్రంథాలయంలో సీనియర్ల పరిశోధన గ్రంథాలు తిరగేస్తే, చాలావరకు ఒకే పద్ధతి కనిపించింది. ఎంపిక చేసిన ఒక గ్రామంలో అరవై మందిని తీసుకుని, ముప్ఫై ప్రశ్నలతో ముందస్తు పరీక్ష పెట్టి, ఫ్లిప్‌చార్టుతో ముప్పావుగంట బోధించి, ఏడో రోజున అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. స్కోరు పెరుగుతుంది, తేడా గణనీయమని తేలుతుంది, గ్రంథం ముగుస్తుంది. మా గైడ్ గారు కూడా ఆరు వారాల్లో పూర్తయ్యే పద్ధతి కాబట్టి దాన్నే తీసుకోమంటున్నారు. ఆవిడ నా మేలు కోరే ఆ మాట అన్నారని నాకు తెలుసు.

అయినా నా మనసు ఒప్పుకోకపోవడానికి ఒక కారణం ఉంది. నేను పనిచేసిన చోట అరవై ఏళ్ళు దాటిన ఒకావిడ ప్రతి నెలా మాత్రలకు వచ్చేవారు. బీపీ గురించి ఏం అడిగినా తడుముకోకుండా చెప్పేవారు. ఉప్పు తగ్గించాలనీ, మాత్ర ఒక్కరోజైనా మానకూడదనీ, మానితే పక్షవాతం రావచ్చనీ పక్కన కూర్చున్నవారికి కూడా ఆవిడే నచ్చజెప్పేవారు. అలాంటి మనిషికి ఒకరోజు తెల్లవారుజామున కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తరవాత నేను వాళ్ళింటికి వెళితే, వంటింటి గూట్లో ఆవకాయ జాడీ పక్కన ముట్టుకోని అమ్లోడిపిన్ (బీపీ మాత్ర) షీట్లు నాలుగు కనిపించాయి. ఆ మాత్ర వేసుకున్నాక కాళ్ళు వాస్తున్నాయనీ, ఆ సంగతి చెబితే నర్సమ్మ తిడుతుందేమోనని దాచారనీ వాళ్ళ కోడలు చెప్పింది. ఆ నర్సమ్మను నేనే. ముప్ఫై ప్రశ్నల పరీక్ష పెట్టి ఉంటే ఆవిడకు ముప్ఫై మార్కులూ వచ్చేవి.

అందుకని నేను అడిగేది ఇది. ఒక విద్యార్థిని, ఒక్కతే, రెండేళ్ళ కోర్సులో చేయగలిగిన పరిధిలో, జ్ఞానాన్ని కాకుండా జబ్బును సంభాళించుకునే తీరును కొలిచే మార్గం ఏదైనా ఉందా? బీపీ అంకెను ఫలితంగా తీసుకోవాలా, మాత్రల లెక్కను తీసుకోవాలా? ఒక ఊరికి బోధించి, మరో ఊరిని పోలికకు పెట్టుకుంటే సరిపోతుందా? నేను అనుకుంటున్న ఊళ్ళు ప్రత్తిపాడు, తాడికొండ మండలాల్లో ఉన్నాయి. నర్సింగ్ సిద్ధాంతకర్త డొరొథియా ఒరెమ్ స్వీయ సంరక్షణ సిద్ధాంతాన్ని ఆధారంగా తీసుకోవాలనుకుంటున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపండి.


జవాబు 1
కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అధ్యాపకురాలు, విజయవాడ

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీరు చెప్పిన ఆ వంటింటి గూట్లోనే ఉంది. జ్ఞానం అవసరమే, కానీ తెలిసి ఉండటానికీ చేయగలగడానికీ మధ్య ఉన్న దూరాన్నే నర్సు చూడాలి. ఆ దూరాన్ని కొలిచే పరిశోధనను మీరు కోరుకోవడం చూసి నాకు సంతోషం కలిగింది.

ముందుగా సిద్ధాంతం సంగతి. ఒరెమ్ తప్పు కాదు గానీ, మీ అంశానికి బార్బరా రీగెల్, ఆమె సహచరులు 2012లో ప్రతిపాదించిన దీర్ఘకాలిక వ్యాధి స్వీయ సంరక్షణ సిద్ధాంతం ఇంకా దగ్గరగా ఉంటుంది. అందులో స్వీయ సంరక్షణను మూడుగా చూస్తారు: ఆరోగ్యాన్ని నిలకడగా కాపాడుకునే రోజువారీ పనులు, ఒంట్లో వచ్చే మార్పును గమనించుకోవడం, గమనించిన మార్పుకు తగినట్టు నడుచుకోవడం. మీ పేషెంటు మొదటిదాన్ని నోటితో చెప్పగలిగారు. రెండోదాన్ని చక్కగా చేశారు, ఎందుకంటే కాళ్ళ వాపును ఆవిడే కనిపెట్టారు. అమ్లోడిపిన్ వల్ల కాళ్ళు వాయడం అందరికీ తెలిసిన దుష్ఫలితం, మోతాదు తగ్గించో మందు మార్చో వైద్యాధికారి దాన్ని సరిచేయగలరు. ఆవిడ ప్రయాణం ఆగిపోయింది మూడో మెట్టు దగ్గర, అంటే ఆ మాటను ఎవరితోనైనా చెప్పుకోవాల్సిన దగ్గర. కేవలం జ్ఞానాన్ని కొలిచే ప్రశ్నావళికి ఈ మెట్టు కనబడదు.

ఇక దేన్ని కొలవాలన్నది. షుగర్‌ను ఎంచుకుని హెచ్‌బీఏ1సీ చూద్దామనుకుంటే ఆరు వారాల గడువు పనికిరాదు. ఆ పరీక్ష సుమారు రెండు మూడు నెలల సగటును చూపుతుంది గనక, ఆరు వారాలకు మళ్ళీ చేస్తే పాత రోజుల లెక్క కూడా కలిసే వస్తుంది. పైగా రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె అసలు చక్కెర స్థాయిని సరిగా చూపకపోవచ్చు, మన పల్లెల్లో ఆడవారిలో రక్తహీనత ఎంత ఎక్కువో మీకు వేరే చెప్పనక్కర్లేదు. బీపీ అయితే వారాల వ్యవధిలోనే మారుతుంది, కొలవడానికి ఖర్చు లేదు. కానీ కొలిచే తీరు ముఖ్యం. మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వచ్చిన మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, వెంటనే పట్టీ కట్టి తీసిన అంకె పరిశోధనకు పనికిరాదు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, కనీసం ఐదు నిమిషాలు ఊరికే ఉండనిచ్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం రెండు నిమిషాల ఎడంతో కనీసం రెండుసార్లు తీయాలి. అరగంట ముందు టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. బక్కచేతికీ లావుచేతికీ ఒకే పట్టీ వాడకూడదు. నేను దిద్దే గ్రంథాల్లో ఈ వివరాలు లేనప్పుడు ఆ అంకెల మీద నాకు నమ్మకం కుదరదు.

మాత్రల విషయంలో, మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారో లేదో అడిగే మోరిస్కీ స్కేలు వాడటం అలవాటైపోయింది, కానీ దానికి హక్కుదారుల అనుమతి, లైసెన్సు కావాలి. ఎక్కడో దొరికిన ప్రతిని దించుకుని వాడితే ప్రచురణ సమయంలో చిక్కు వస్తుంది. బీపీ ఉన్నవారి కోసం తయారైన హిల్-బోన్ స్కేలు 14 ప్రశ్నలతో మందులు, ఉప్పు, తిరిగి చూపించుకోవడం ఈ మూడింటినీ తడుముతుంది. దాన్ని తెలుగు చేసేటప్పుడు మాత్రం మాటకు మాట పెట్టకండి. తినేముందు అన్నం మీద ఉప్పు చల్లుకుంటారా అని మన దగ్గర అడిగితే అందరూ లేదనే అంటారు. మనకు ఉప్పు వచ్చేది ఊరగాయలోంచి, పచ్చళ్ళలోంచి, ఎండుచేపల్లోంచి, వడియాల్లోంచి, పెరుగన్నంలో కలుపుకునే దాంట్లోంచి. ఆ ప్రశ్నను మన కంచంలోకి తెచ్చి, మళ్ళీ ఆంగ్లంలోకి వేరొకరితో తిప్పించి, మూలంతో పోల్చి, పది మంది పల్లెవాసుల దగ్గర సరిచూసుకున్నాకే వాడాలి.

ఒక చిన్న హెచ్చరిక. నేపథ్యం రాసేటప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత నుంచి గుంటూరు జిల్లా అంకెలు ఎత్తి రాస్తారు కదా, ఆ సర్వే 2019–21 నాటిది. జిల్లాల విభజన 2022 ఏప్రిల్‌లో జరిగింది. కాబట్టి అందులోని గుంటూరు అంటే నేటి పల్నాడులోనూ బాపట్లలోనూ కలిసిన ప్రాంతాలతో కూడిన పాత జిల్లా. ఈ మాట ఒక్క వాక్యంలో స్పష్టం చేయండి.


జవాబు 2
ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), గ్రామ ఆరోగ్య కేంద్రం, సత్తెనపల్లి ప్రాంతం

మేడమ్ గారు చెప్పిన దానికి క్షేత్రంలో నేను చూస్తున్నది కలుపుతాను. నేను బీఎస్సీ నర్సింగ్ చదివి, ఇప్పుడు ఊళ్ళోని కేంద్రంలో పనిచేస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు దాటిన అందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేయడం, ఉన్నవారికి నెలకు సరిపడా మాత్రలు ఇవ్వడం, 104 బండితో వైద్యాధికారి వచ్చే రోజున వారిని చూపించడం నా రోజువారీ పని.

మాత్రల లెక్క గురించి ముందు చెబుతాను. లెక్క సులువే. ముప్ఫై మాత్రలు ఇచ్చిన 24వ రోజున ఇంటికి వెళితే పదకొండు మిగిలి ఉన్నాయనుకోండి, వేసుకున్నవి పంతొమ్మిది, వేసుకోవాల్సినవి 24, అంటే 79 శాతం. పరిశోధనల్లో సాధారణంగా 80 శాతాన్ని గీటురాయిగా పెట్టుకుంటారు. కానీ మీరు వస్తున్నారని ముందే తెలిస్తే ఆ పదకొండులో ఆరు చెత్తకుండీలోకి పోతాయి. చెప్పకుండా వెళితే ఇంకో సంగతి బయటపడుతుంది: భార్యాభర్తలిద్దరికీ బీపీ ఉన్న ఇళ్ళల్లో, ఆయన పేరు మీద తెచ్చిన షీటులోంచే ఇద్దరూ వేసుకుంటుంటారు, ఎందుకంటే ఆవిడకు ఆ రోజు కూలి మానుకుని కేంద్రానికి రావడం కుదరలేదు. లెక్కలో ఆయన బంగారంలా మాత్రలు వేసుకుంటున్నట్టు కనిపిస్తాడు, ఆవిడ అసలు రిజిస్టర్లోనే ఉండదు. కాబట్టి ఒక్కొక్క మనిషినే కాదు, ఇంటిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఈ ఇంట్లో ఈ మందు ఇంకెవరు వేసుకుంటారు అన్న ప్రశ్నను మొహమాటం కలగకుండా అడగాలి.

మానేయడానికి కారణాలు మీరు అడిగే తీరును బట్టి బయటికొస్తాయి. ఎందుకు మానేశారు అని అడిగితే మరిచిపోయాను అంటారు. అది మర్యాద కోసం చెప్పే జవాబు. నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి ఏమేం చేశారో చెప్పమని అడిగితే అసలు విషయం దొరుకుతుంది. మా వైపు మిరప కోతల కాలంలో ఆడవాళ్ళు చీకటితోనే లేచి, ఆటోలు ఎక్కి, పొరుగూరి చేలకు వెళతారు. షుగర్‌కు ఇచ్చే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, తినకుండా బయలుదేరితే పది గంటలకల్లా చేలో కళ్ళు తిరుగుతాయి, చెమటలు పడతాయి. ఒకసారి అలా అయినవారు కోతలు అయిపోయేదాకా షుగర్ మాత్ర ముట్టుకోరు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మందు రాసినవారిది ఇంకో బాధ. చేలో చాటు ఎక్కడుంది? ఆవిడ మాత్ర మానడం అజ్ఞానం అని నేను ఎలా రాయగలను? ఆవిడ తన పరిస్థితిని బట్టి బాగా ఆలోచించుకునే ఆ నిర్ణయం తీసుకుంది. నేను చేయగలిగింది వైద్యాధికారితో మాట్లాడి మందో వేళో మార్పించడం, బయలుదేరేముందు కొంచెం చద్దన్నమైనా తినమని చెప్పడం, కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి కొంగున బెల్లం ముక్క కట్టించడం. ఇలాంటి సర్దుబాట్లను నర్సులం రోజూ చేస్తాం, ఎక్కడా రాయం. మీ పరిశోధనలో అవి నమోదైతే మాకందరికీ మేలు.

మీ కాలపట్టికను పంటతో చూసుకోండి. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలప్పుడు పగలు ఊళ్ళో మంచాన పడినవారు, మరీ పెద్దవారు తప్ప ఎవరూ దొరకరు. దొరికినవారినే నమూనాగా తీసుకుంటే పనిచేసే వయసువారి సంగతి మీ గ్రంథంలో ఉండదు. సాయంత్రం ఏడు తరవాత గానీ, తెల్లవారుజామున ఆటోలు ఆగే చోట గానీ వారిని కలవగలరు. మే నెల ఎండల్లో పెట్టుకోకండి, మీకూ మంచిది కాదు. ఆ నెలల్లో చెమట వల్ల, నీరు తగ్గడం వల్ల కొందరిలో బీపీ కూడా పడిపోతుంది, పోలికకు చిక్కు.

ఇంకో ముఖ్యమైన మాట. ఒళ్ళునొప్పులకు ఊళ్ళో దొరికే మాత్రల గురించి తప్పకుండా అడగండి. రోజంతా వంగి పనిచేసేవారు రాత్రికి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర వేసుకుని పడుకోవడం చాలా ఇళ్ళల్లో మామూలు. అవి బీపీని పెంచుతాయి, షుగర్ ఉన్నవారి కిడ్నీలకు మరింత హాని చేస్తాయి. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు అవస్థ పడ్డాయో మనందరికీ తెలుసు. అక్కడి కారణాలు వేరు కావచ్చు గానీ, కిడ్నీ పాడయ్యాక పల్లె మనిషికి డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు పట్నం పోవడం అంటే ఏమిటో అక్కడ చూశాం. మీ ప్రశ్నావళిలో నొప్పి మాత్రకు ఒక వరుస కేటాయించండి.


జవాబు 3
కమ్యూనిటీ మెడిసిన్ వైద్యుడు, గుంటూరు

రెండు ఊళ్ళ పోలిక గురించి మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను: వద్దు. ఒక ఊరికి బోధించి మరో ఊరికి బోధించకపోతే, చివర కనిపించే తేడా మీ బోధన వల్ల వచ్చిందో, ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త చురుకుగా ఉండటం వల్ల వచ్చిందో, ఈ ఊళ్ళో రెండు నెలలు మందులు రాకపోవడం వల్ల వచ్చిందో విడదీయడానికి ఏ గణాంక పరీక్షా సాయపడదు. పక్షానికి ఒక్క ఊరే ఉన్నప్పుడు ఊరి ప్రభావం, కార్యక్రమ ప్రభావం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అలాగని ఒకే ఊళ్ళోని వారిని రెండు జట్లుగా విడదీస్తే, మీరు పొద్దున ఒకరికి చెప్పిన మాట సాయంత్రానికి చెరువు గట్టు దాటి రెండో జట్టు చెవిన పడుతుంది.

పోలిక జట్టు లేకుండా ముందు, తరవాత మాత్రమే కొలవడంలో ఉన్న ప్రమాదం ఇంకా లోతైనది. బీపీ 140 దాటినవారినే ఎంచుకుని నెల తరవాత మళ్ళీ కొలిస్తే, మీరేమీ చేయకపోయినా సగటు తగ్గుతుంది. ఆ రోజు ఏ ఆందోళన వల్లో ఎక్కువగా ఉన్నవారు కూడా మీ జాబితాలోకి వచ్చి ఉంటారు, మరోరోజు వారి అంకె తన మామూలు చోటికి చేరుతుంది. దీన్ని సగటు వైపు జారడం అంటారు. పోలిక జట్టు లేని పరిశోధనలో ఈ తగ్గుదలనంతా బోధన ఫలితంగా రాసుకునే అవకాశం ఉంది. అధ్యాపకురాలు గారు చెప్పిన కొలత నియమాలు పాటించినా ఈ చిక్కు పోదు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పెద్ద ప్రయత్నాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. స్మార్ట్‌హెల్త్ ఇండియా పరిశోధనలో పశ్చిమ గోదావరి జిల్లాలోని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో, ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో గుండెజబ్బు ముప్పు ఎక్కువ ఉన్నవారిని గుర్తించి వైద్యుల దగ్గరకు పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ లక్ష్యాన్ని చేరుకున్నవారి శాతంలో గణనీయమైన తేడా కనిపించలేదు. ఆ మరుసటి ఏడాది బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల గ్రామాల్లో జరిగిన కోబ్రా-బీపీఎస్ ఫలితాలు వచ్చాయి. అక్కడ 30 గ్రామీణ సమూహాల్లో 2,645 మందిని రెండేళ్ళు చూశారు. ఆరోగ్య కార్యకర్తలు మూడు నెలలకోసారి ఇంటికెళ్ళి బీపీ చూసి, సలహా చెప్పి, అవసరమైతే శిక్షణ పొందిన వైద్యులకు అప్పగించిన సమూహాల్లో పైబీపీ (సిస్టాలిక్) మిగతా సమూహాలకంటే సగటున 5.2 మి.మీ. ఎక్కువగా తగ్గింది. రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో జరిగినవి గనక ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీర్పు చెప్పలేను. అయినా నా అభిప్రాయం ఇది: గుర్తించి పంపడం ఒక ఎత్తు, పంపినవాడి వెంట నెలల తరబడి ఉండటం ఒక ఎత్తు.

ఇంత పెద్ద జట్లకే సాధ్యమయ్యే పనిని ఒక్క విద్యార్థిని చిన్న రూపంలో చేయబోతే బలహీనమైన జవాబే వస్తుంది. అందువల్ల నా సలహా, ఈసారి ఏ కార్యక్రమమూ పెట్టకండి. ఇప్పటికే కేంద్రాల్లో నమోదైన బీపీ రోగులను ఆరు నెలలు వెంబడించండి. ఎంతమంది ఎన్ని రోజులు మందు లేకుండా ఉన్నారు, ఎందుకు ఉన్నారు, చివరకు ఎంతమంది బీపీ 140/90 లోపు ఉంది అన్నది తేల్చండి. సంఖ్య విషయానికి వస్తే, సగం మందికి అదుపులో ఉంటుందనుకుని పది శాతం అటూ ఇటూ ఖచ్చితత్వం కోరుకుంటే 100 మంది కావాలి. కానీ ఒకే ఊరివారు ఒకరినొకరు పోలి ఉంటారు గనక, ఊరికి ఇరవై మంది చొప్పున, ఆ పోలికను సున్నా నుంచి ఒకటి దాకా ఉండే కొలతలో 0.02 అనుకుంటే, ఆ 100ను 1.38తో (1 + 19 × 0.02) హెచ్చించాలి, 138 అవుతుంది. పదిమందిలో ఒకరు మధ్యలో జారిపోతారనుకుంటే 154. ఎనిమిది ఊళ్ళు, ఊరికి ఇరవై మంది, మొత్తం 160 తీసుకుంటే సరిపోతుంది. రిజిస్టర్‌లోని పేర్లలోంచి లాటరీ పద్ధతిలో తీయండి, ఇంట్లో దొరికినవారిని కాదు.

మధ్యలో జారిపోయినవారిని లెక్కలోంచి తీసేయకండి. భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017లో మొదలైనప్పటి నుంచీ నమోదైన రోగులనే హారంగా పెట్టుకుని, చూపించుకోవడానికి రానివారిని అదుపులో ఉన్నట్టు లెక్కించకుండా ఫలితాన్ని చూస్తున్నారు. వచ్చినవారిని మాత్రమే లెక్కపెడితే ప్రతి కేంద్రమూ బాగానే కనిపిస్తుంది.


జవాబు 4
విశ్రాంత ఉపాధ్యాయుడు, పొన్నూరు దగ్గరి గ్రామం

నేను వైద్య వృత్తిలో లేను. పద్దెనిమిదేళ్ళుగా షుగర్, పదేళ్ళుగా బీపీ ఉన్నవాడిని. చదువుకున్నవాడిని కూడా కాబట్టి మీ ముప్ఫై ప్రశ్నలకూ జవాబు చెప్పగలను. అయినా నాలుగేళ్ళ క్రితం నా కూతురి పెళ్ళి పనుల్లో రెండు నెలలు మాత్రలు సరిగా వేసుకోలేదు. మరిచిపోయి కాదు. ఇంట్లో అంతమంది చుట్టాలు ఉండగా, మాత్రల డబ్బా తీసి వేసుకుంటే వియ్యాలవారు చూసి, పిల్ల తండ్రికి ఇన్ని జబ్బులా అనుకుంటారేమోనని. ఈ మాట నేను నా వైద్యుడికి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

అమ్మాయీ, మీరు మా ఇళ్ళకు వచ్చినప్పుడు ఒక పని చేయండి. పది మంది మధ్య అరుగు మీద కూర్చుని అడగకండి. అలా అడిగితే మేమంతా సరైన జవాబే చెబుతాం, అది మా అలవాటు, బడిలో నేర్పిందే అది. మా ఇంటావిడను కూడా విడిగా కూర్చోబెట్టి అడగండి. నా పథ్యం గురించి నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. కానీ ఆవిడ బీపీ సంగతి ఆవిడను అడిగినవారు మా ఇంట్లో కూడా లేరు. మొన్న మా ఊరి కేంద్రంలో చూస్తే 170 ఉంది. అన్నాళ్ళూ నా వెంట మందుల సంచీ పట్టుకుని తిరిగిన మనిషి.


ప్రశ్న అడిగినవారి స్పందన
ఎం.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

మాస్టారు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పుకోలేని ఆ మాటను ఇక్కడ చెప్పినందుకు మీకు నా నమస్కారాలు. అమ్మగారిని ఈ వారంలోనే మరోసారి చూపించండి, ఒక్కసారి చూసిన అంకెతో ఆగిపోకండి.

వైద్యులు గారు సూచించినట్టు కార్యక్రమం ఆలోచన వదులుకున్నాను. ఎనిమిది గ్రామాల్లో 160 మందిని జులై నుంచి డిసెంబరు దాకా చూస్తాను, మిరప కోతలు ఊపందుకునేలోపు చివరి సందర్శన పూర్తవుతుంది. ఇంటికి మూడుసార్లు వెళతాను: మొదట్లో, మూడో నెల చివర, ఆరో నెల చివర. మధ్య నెలల్లో మాత్రలు తీసుకున్న తేదీలను కేంద్రం రిజిస్టర్‌లోంచి రాసుకుని, రెండు తేదీల మధ్య మందు లేకుండా గడిచిన రోజులను లెక్కిస్తాను. ఇదే నా ప్రధాన ఫలితం, బీపీ రెండోది. ఇంట్లో ఆ మందు పంచుకునేవారు, నొప్పి మాత్రలు, పనికి బయలుదేరే వేళ, దుష్ఫలితాలు, వాటిని ఎవరితోనైనా చెప్పారా లేదా అన్నవి ప్రశ్నావళిలో చేరుస్తాను. మందు ఎక్కువ రోజులు మానినవారిలోంచి ఓ పదిహేను మందితో విడిగా, నిన్నటి రోజు గురించి అడిగే పద్ధతిలో మాట్లాడతాను. రీగెల్ సిద్ధాంతంలోని మూడో మెట్టు దగ్గర మనిషి ఎందుకు ఆగిపోతాడన్నదే నా పరిశోధన ప్రశ్న అవుతుంది.

గైడ్ గారికి ఈ చర్చ చదివి వినిపించాను. ఆవిడ ఆరు నెలలు అనగానే మొదట ఆందోళన పడ్డారు గానీ, పక్షవాతం వచ్చిన ఆవిడ సంగతి చెప్పాక కాసేపు మౌనంగా ఉండి, సినాప్సిస్ తిరగరాయమన్నారు. ఎథిక్స్ కమిటీ విషయంలో ఒక సందేహం మిగిలింది. నేను కార్యక్రమం ఏదీ పెట్టడం లేదు, గమనించడమే. అలాంటప్పుడు మొదటి సందర్శనలోనే ఎవరికైనా బీపీ మరీ ఎక్కువగా కనిపిస్తే, ఫలితం మారిపోతుందని చూస్తూ ఊరుకోవాలా?


జవాబు 5
కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ అధ్యాపకురాలు, విజయవాడ

ఊరుకోకూడదమ్మా. మీరు ముందు నర్సు, ఆ తరవాతే పరిశోధకురాలు. 180/120 లేదా అంతకు మించి ఉంటే కాసేపాగి మళ్ళీ కొలిచి, అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే వైద్యాధికారికి చూపించాలి. దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం వంటివి ఉంటే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పక్కనే ఉండాలి. 140 నుంచి 180 మధ్య ఉన్నవారి పేర్లను ఆ గ్రామ కేంద్రంలోని సోదరికి అదే వారంలో అందజేయండి. ఇందువల్ల మీ ఫలితం కొంత మారితే మారనివ్వండి, ఎంతమందిని పంపారో గ్రంథంలో అంకెతో సహా రాయండి. అంగీకార పత్రంలో కూడా, బీపీ ఎక్కువగా ఉంటే మీ వివరాలను ఆరోగ్య కేంద్రానికి తెలియజేస్తాం అన్న వాక్యం ముందే ఉండాలి. చదవలేనివారికి దాన్ని చదివి వినిపించి, పరిశోధనతో సంబంధం లేని, చదువు వచ్చిన మరొకరి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరూ మీ జాబితాలో ఉంటే మాత్రం పత్రాలు రెండూ విడివిడిగా, విడివిడి వేళల్లో తీసుకోండి. మాస్టారు గారి ఇంటి సంగతి విన్నాక ఈ చివరి మాట కొత్తగా చేరుస్తున్నాను, మా విద్యార్థులకు కూడా ఇకమీదట ఇదే చెబుతాను.